డెబియన్ ఇన్‌స్టాలరు

డెబియన్ ఇన్‌స్టాలరు అనునది డెబియన్ గ్నూ/లినక్స్ ఆపరేటింగ్ సిస్టమును కంప్యూటరులో నెలకొల్పుటకు వాడే సాఫ్టువేరు. దీనికి టెక్స్టు, గ్రాఫికల్ అని రెండు రూపాలు ఉన్నాయి.

తెలుగులో స్థాపన

గుణింతాలు, ఒత్తులు గల తెలుగు లిపిని టెక్స్టు తెర సరిగా చూపలేదు. అందుచేత ఆ రూపములోని భాషల జాబితాలో తెలుగు ఉండదు. గ్రాఫికల్ రూపము 2007లో విడుదలైన డెబియన్ 4.0తో వచ్చినది. దానిలో తెలుగు 2011 నాటి 6.0లో చేరినది. 2015లో వచ్చిన డెబియన్ 8 నుండి సాధారణ కంప్యూటర్లలో గ్రాఫికల్ రూపమే ముందుగా ఎంపికై ఉంటున్నది. అయితే భాషను ఎంచుకొనుటకు ముందు వచ్చే మెనూ ఆంగ్లములోనే ఉంటుంది.

వాడుకలో ఇబ్బందులు

* ఖాతా పేరు: తెలుగులో స్థాపించినను లాగిన్ పేరును చిన్న ఆంగ్ల అక్షరాలతోనే ఇవ్వాలి. తెలుగు కీబోర్డును ఎంచుకొన్నవారు ఆంగ్లానికి మారే మీటను కూడా గుర్తుంచుకోవాలి.
* డిస్కు విభజన: ఇది అన్నిటికంటె కీలకమైన దశ. మొత్తం డిస్కును వాడే ఎంపికను ఖాయపరిస్తే పాత ఫైళ్ళు పోతాయి. మార్పులను డిస్కుపై వ్రాయుటకు ముందు ఇన్‌స్టాలరు అనుమతి అడుగుతుంది. అప్పుడు ముందుగా గుర్తించి ఉండే జవాబు "కాదు". కాని ఉన్న విభాగపు పరిమాణాన్ని మార్చేటపుడు మార్పులు అప్పటికప్పుడే వ్రాయబడతాయి, వాటిని వెనుకకు తీసుకొనుట సాధ్యం కాదు.

ఈ హెచ్చరిక అర్థము కాని వాడుకరి తన సమాచారాన్ని పోగొట్టుకొనే ప్రమాదము ఉన్నది. ఇన్‌స్టాలరుకు తెలుగు అనువాదము అవసరమగుటకు ఇదే ముఖ్య కారణము. ఏ భాషలో స్థాపించినను ముందుగా ఫైళ్ళ నకలును వేరొక డిస్కులో భద్రపరచుకొనుట మంచిది.