ఎవరి నడిగి వేసిరి?

మన పెద్దలు చెప్పు సామెత యొకటి కలదు: సుంకరియొద్ద సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు. బండి నాపి, గంప దింపించి, చేయి చాచినవాని యెదుట ఇంటిగోడు వెళ్లబోసికొన్న ప్రయోజనమేమి? వాడు వినడు, వినినను తగ్గించు నధికారము వానికి లేదు. ఈ చిన్న సామెతలో మన దేశచరిత్రలో పెద్దభాగ మిమిడి యున్నదని నా నమ్మకము. ఆ సంగతినే నేడు మీకు మనవి చేయదలచితిని.

నాది కలిగిరి. నెల్లూరు జిల్లాలో, కావలినుండి ఉదయగిరికి పోవు త్రోవలో నున్న యూరు. వానను నమ్ముకొన్న మెట్టపొలమే మాకు జీవనాధారము. 2025 ఆగస్టు మాసమున అమెరికా ప్రభుత్వము మన సరకులలో ననేకములపై అదనపు సుంకమును నూటికి ఏబదివరకు పెంచినప్పుడు, మా కూడలిలోని టీ అంగడి ముందర దానిని గూర్చి గొప్ప వాదము జరిగినది. ఆ దెబ్బ ముఖ్యముగా తగిలినది తూర్పున సముద్రతీరమందలి రొయ్యల రైతులకు. మా మెట్టలో రొయ్యల చెరువు లేదు. అయినను మావారు ఊరకుండలేదు. మనమును వారి సరకుపై అంతకంత వేయవలెనని యొకరనిరి. వేసినచో ఆ సరకు కొనుక్కొనువారము మనమే గదా, భారము మననెత్తినే పడునని మరియొకరనిరి. ఇంతవరకు మాటాడక బీడీ కాల్చుకొనుచున్న వృద్ధు డొకడు తలయెత్తి, "అది సరే, వాళ్లు ఎవర్నడిగి ఏసినారబ్బయా?" అని యడిగెను. అందరును నవ్విరి. నేనును నవ్వితిని. కాని ఇల్లు చేరిన పిమ్మట ఆ ప్రశ్న నన్ను విడువలేదు. సుంకము ఎంత యనుదానికంటె, ఎవరి నడిగి వేసిరి యనునదియే అసలు ప్రశ్న యని నాకు తోచినది.

మన తీరమున సుంకమును గూర్చిన ప్రసిద్ధశాసనము మోటుపల్లిలో నున్నది. 1244లో కాకతీయ గణపతిదేవుడు దానిని వేయించెను. అంతకుముందు రాజులు, తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు అపహరించుచుండిరట. గణపతిదేవుడు ఆ దుర్నయమును మాన్పి, నియతమైన సుంకము దక్క మరేమియు గ్రహింపనని పరదేశ వర్తకుల కభయ మిచ్చెను. ఆయన రాజు, సుంకము నిర్ణయించుటకు ఎవరిని నడుగ నక్కరలేదు. అడుగకున్నను ముందుగా చెప్పెను; చెప్పినదానిని రాతిమీద చెక్కించెను. సుంకరికి హద్దు గీచుట ఒక గొప్ప మెట్టు. అడిగి వేయుట దానికి పైమెట్టు. ఆ మెట్టెక్కుటకు మనకు ఏడువందల యేండ్లు పట్టినది.

1626లో ఆంగ్లేయ వర్తకులు మన తీరమున, వారు ఆర్మగాను అని పిలిచిన దుగరాజపట్నమువద్ద కొట్టు కట్టుకొనిరి. వారు వచ్చినది మన బట్టకొరకు. అద్దకపు బట్టలు వారి దేశమున విరివిగా చెల్లుటచే అచ్చటి ఉన్ని, పట్టు నేతగాండ్రు మొరపెట్టిరి. వారి పార్లమెంటు ఆ మొర వినెను. 1700లో ఇండియా మొదలగు తూర్పుదేశముల అద్దకపు బట్ట దిగుమతిని నిషేధించెను. 1721లో అట్టి బట్టను కట్టుటనే నిషేధించెను. ఈ శాసనములు మనకు నష్టమే. అయినను ఒక సంగతి గమనింపుడు: అచ్చటి సుంకరి తనవారి సుఖదుఃఖములు వినెను. మన నేతగాని మొర వినుటకు ఆ సభలో నెవరును లేరు.

తరువాత మరమగ్గములు వచ్చినవి. బట్ట యెదురు దిక్కున ప్రయాణము చేయసాగినది. అంతట నీతియు మారినది. 1882లో ఉప్పు, మద్యము మొదలగు కొలదివాటిపై దక్క దిగుమతి సుంకముల నన్నిటిని మన దేశమున నెత్తివేసిరి. ఖజానాకు కొరత వచ్చి 1894లో మరల వేయవలసివచ్చెను. లాంకషైరు మిల్లుల యజమానులు గగ్గోలు పెట్టిరి. తుదకు 1896లో, దిగుమతియగు బట్టపై నూటికి మూడున్నర సుంకము వేసి, మన దేశపు మిల్లుబట్టపైనను సరిగా నంతే పన్ను వేసిరి. ఇచ్చటి మిల్లులకు కూసింతయు మేలు కలుగరాదనియే గదా దీని భావము! చేతిమగ్గముపై ఆ పన్ను లేదు. కాని పోటీకి ఆ మినహాయింపు చాలునా? ఆ పన్నును 1925 డిసెంబరులో నిలిపి, మరుసటి యేట రద్దు చేసిరి. ముప్పది యేండ్లు మనవారు అరచిన పిమ్మట!

1921 ఏప్రిలు 7న గాంధీమహాత్ముడు మా జిల్లాలో పెన్న యొడ్డున పల్లిపాడు ఆశ్రమమును ప్రారంభించెను. అచ్చట రాట్నము తిరిగినది. ఆ రాట్నమును నేనిట్లు తలచెదను: సుంకము వేయు నధికారము లేని జాతి, విదేశపు బట్టపై తనంతట తాను వేసికొన్న సుంకమది. ముతకబట్ట కట్టుకొని ప్రతి యిల్లును ఆ సుంకమును చెల్లించెను. దానిని ఎవరి నడిగి వేసిరందురా? చెల్లించువారినే యడిగి వేసిరి.

ఇక ఉప్పు. మా నాయనమ్మ ఉప్పును నేలమీద చిందనిచ్చెడిది కాదు. "సముద్రం మన పక్కనే ఉన్నా, ఉప్పు మాత్రం దొరలదిరా" అని చెప్పుచుండెడిది. 1805లో కుంపిణీవారు చెన్నరాజధానిలో ఉప్పు వర్తకమును తమ గుత్తముగా చేసికొనిరి. అటు పిమ్మట పన్ను పెరుగుచు తరుగుచు వచ్చినది. 1923లో మణుగునకు రూపాయి నాలుగణాలుగా నున్న పన్నును రెండు రూపాయల యెనిమిదణాలు చేయదలచిరి. ఈసారి అడిగిరి, ఢిల్లీ శాసనసభ యెదుట బిల్లు పెట్టిరి. సభ కాదన్నది. వైస్రాయి రీడింగుప్రభువు తన ప్రత్యేకాధికారముతో దానిని శాసనముగా ధ్రువపరచెను. అడుగకుండ వేయుట ఒక తీరు. అడిగి, కాదనిపించుకొని, అయినను వేయుట మరియొక తీరు. మొదటిది గర్వము, రెండవది అవమానము. మరుసటి యేట పన్నును మరల తగ్గించిరి గాని, ఆ అవమానము మాసిపోలేదు. 1930 ఏప్రిలు 6న దండిలో గాంధీజీ పిడికెడు ఉప్పు తీసినప్పుడు దేశము లేచి నిలుచుట కొక్క ఉప్పే కారణము కాదు. అడిగియు వినని సుంకరి కూడ కారణము. 1947లో, స్వాతంత్ర్యమునకు కొన్నినెలల ముందు, తాత్కాలిక ప్రభుత్వము ఆ పన్ను నెత్తివేసెను. అప్పటికి మా నాయనమ్మ బ్రదికియే యున్నది. అటు పిమ్మటను ఆమె ఉప్పు చిందనీయలేదు. అలవాటు చట్టమంత త్వరగా మారదు.

నా బ్రదుకును ముట్టుకొన్నది పొగాకు. వర్జీనియా పొగాకునకు బ్రిటను ముఖ్యమైన అంగడిగా నుండెను. 1919 మొదలు ఆ దేశమువారు తమ సామ్రాజ్యపు పొగాకుపై పరదేశపు పొగాకుకంటె తక్కువ సుంకము వసూలు చేసిరి. 1932లో అట్టావా ఒడంబడికచే ఈ మొగ్గు స్థిరపడెను. 1936లో ఢిల్లీ శాసనసభ ఆ ఒడంబడిక మనకు వలదని తీర్మానించెను. అయినను మన ఆకునకు ఆ మొగ్గువలన మేలు కలిగిన మాట నిజము. ఇచ్చట నా వాదమునకు నేనే యడ్డుపడవలసి యున్నది. మన నడుగక వేసిన సుంకము మనకు లాభించినచో దానిని తప్పందుమా? నిజాయితీగా చెప్పవలెనన్న, లాభము వచ్చునప్పుడు ఎవరును ఆ ప్రశ్న అడుగరు. కాని అడుగక యిచ్చినది అడుగకయే తీసికొనబడును. 1973లో బ్రిటను ఐరోపా ఆర్థిక సమాజమున చేరగా ఆ పాతమొగ్గు అంతరించెను. మెట్టరైతును దానిని గూర్చి యడిగినవారు లేరు.

స్వదేశములో 1943 మొదలు ఆకుపై పన్ను. ఆ కాలము నాకు బాగుగా జ్ఞాపకము. పొగాకు పండించినవాడు లెక్క చూపవలెను. అనుమతి కాగితము లేక ఆకు కదలరాదు. 1979లో ఆ భారమును ఆకుపైనుండి తీసి, తయారైన సరకుపై నుంచిరి. 1976లో పొగాకు బోర్డు ఏర్పడెను. 1980 దశకమున వేలములు వచ్చినవి. మా కలిగిరిలోను వేలంకేంద్రము వెలసినది. రైతు తన ఆకు ధరను తన కన్నుల యెదుట వినగలిగెను. అది తక్కువ మేలు కాదు. కాని ధరను వినుట వేరు, నిర్ణయించుట వేరు. 2015లో పరదేశములలో గిరాకి తగ్గి ధరలు కూలినవి. ఆ యేడు నా బేళ్లు కొన్ని కొనువారు లేక ఇంటికి తిరిగి వచ్చినవి. అప్పు చేసి బ్యారనుకు పుల్లలు కొన్నవాడను. ఆ బేళ్లు వసారాలో నుండగా రాత్రులు నిద్రపట్టలేదు. నేను తట్టుకొంటిని. ఆంధ్రదేశమున కొందరు పొగాకు రైతులు తట్టుకొనలేక ప్రాణములు తీసికొనిరి. దూరదేశపు లెక్క యొకటి మారినచో మన వసారాలో దీప మారిపోవచ్చునని అప్పుడు నాకు తెలిసినది.

అట్లయిన సామాన్యుని మాటకు విలువ యెక్కడ? దీనికి సమాధానము మా మండలములోనే యున్నది. కలిగిరి మండలమున దూబగుంట యను గ్రామము కలదు. ప్రభుత్వమునకు సారా పాటలవలన పెద్ద ఆదాయము వచ్చుచుండిన రోజులవి. రాత్రిబడిలో అక్షరములు దిద్దిన స్త్రీలు, తమ యింటి కూలిడబ్బు అంగడికి పోవుట చూచి, సారా అమ్మకమును అడ్డిరి. 1992లో ఆ ఉద్యమము జిల్లా యంతట, అటుపిమ్మట రాష్ట్రమంతట వ్యాపించెను. దూబగుంట రోశమ్మ పేరు దేశమెరిగినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారాను నిషేధించిరి. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. అంత ఆదాయమును ప్రభుత్వము వదలుకొనినది. సామెత అబద్ధమైనది: సుంకరి సుఖదుఃఖములు వినెను. కాని 1997లో ఖజానా కొరతను చెప్పి ఆ సంపూర్ణ నిషేధమును సడలించిరి. ఒకసారి వినిపించిన మాటను మరల మరల వినిపింపవలెనని దీనివలన నేర్చుకొనవలెను.

ఆ వృద్ధుని ప్రశ్నకు టీ అంగడిలో నేను బదులు చెప్పలేదు. ఇప్పుడు చెప్పుదును. పరదేశపువారు మన నడుగరు; 1700లోను అడుగలేదు, 2025లోను అడుగలేదు. తమ యోటరులను మాత్రమే వారడుగుదురు. అందుచే వారిని తిట్టుటలో ఫలము తక్కువ. మనవారు ఒప్పందములకు కూర్చుండునప్పుడు రొయ్యల రైతును, పొగాకు రైతును, పప్పు కొనుక్కొను కూలివానిని ముందుగా నడిగిరా లేదా యని మనము అడుగవలెను. ఎవరికి మేలో, ఎవరికి కీడో విప్పి చెప్పుమని కోరవలెను. నాయనమ్మ కాలమున ఆ ప్రశ్నను అడుగుటకు జైలు త్రోవ దక్క వేరు త్రోవ లేదు. మనకు ఓటున్నది. దూబగుంట స్త్రీలకును అంతకు మించిన ఆయుధ మేమియు లేదు.

మరునాడు ఆ వృద్ధుడు కనబడినప్పుడు ఈ మాటయే చెప్పితిని. ఆయన బీడీ పారవేసి, "అయితే ఈసారి ఓట్లకొచ్చినోళ్లను నేనే అడుగుతాలే" అనెను. ఈసారి ఎవరును నవ్వలేదు.