నాలుగు రోజుల పౌరసత్వం: భగత్ సింగ్ థింద్ కథ

మీ ఇంట్లోనో, ఫ్రెండ్స్‌లోనో ఎవరో ఒకరు ఈ పాటికి ఫోన్‌లో వీసా స్టేటస్ చూసుకుంటూనే ఉండుంటారు. ఒకరికి స్లాట్ దొరకలేదు, ఇంకొకరికి లాటరీలో పేరు రాలేదు. 2025 సెప్టెంబర్‌లో ఒక శుక్రవారం, కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు అని అమెరికాలో ప్రకటన వచ్చింది. సెలవుకి ఇండియా వచ్చినవాళ్ళు కంగారుగా తిరుగు టికెట్లు వెతుక్కున్నారు. ఈ టెన్షన్ మన తరానికే వచ్చింది అనుకుంటాం కదా? కాదు. దీనికి వందేళ్ళ పైన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక మనిషి కథ ఈ రోజు చెప్పుకుందాం.

ఆయన పేరు భగత్ సింగ్ థింద్. మనకి తెలిసిన భగత్ సింగ్ కాదు, ఈయన వేరు. పంజాబ్‌లోని అమృత్‌సర్ జిల్లాలో పుట్టి, 1913లో అమెరికా వెళ్ళాడు. ఆరెగాన్ రాష్ట్రంలో ఒక కలప మిల్లులో పని చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1918లో అమెరికా సైన్యంలో చేరాడు. తలపాగాతోనే యూనిఫాం వేసుకున్నాడు.

అదే ఏడాది డిసెంబర్ 9న ఆయనకి అమెరికా పౌరసత్వం ఇచ్చారు. నాలుగు రోజులు తిరక్కుండానే రద్దు చేశారు. ఎందుకో తెలుసా? నువ్వు తెల్లవాడివి కాదు అన్నారు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. 1790 నాటి అమెరికా చట్టం ప్రకారం, బయటి నుంచి వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకే పౌరసత్వం. 1870లో ఆఫ్రికా మూలాలున్నవాళ్ళని కూడా చేర్చారు. ఆసియావాళ్ళ సంగతి అందులో లేదు. పైగా 1917లో ఇంకో చట్టం తెచ్చి, ఇండియాతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి కూలీలు రాకుండా తలుపు వేసేశారు. విద్యార్థుల లాంటి కొందరికే మినహాయింపు.

థింద్ వదల్లేదు. మళ్ళీ అప్లై చేశాడు. 1920లో ఆరెగాన్ కోర్టు రెండోసారి పౌరసత్వం ఇచ్చింది. ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది.

అప్పుడు థింద్ లాయర్ల వాదన ఏంటంటే: ఉత్తర భారతీయులు కకేసియన్ జాతి అని శాస్త్రవేత్తలే చెప్తున్నారు, మా క్లయింట్ ఆర్యుడు, పై కులంవాడు, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క. కింది కులాలతో పెళ్ళి సంబంధాలు కూడా కలుపుకోనివాళ్ళం అన్న మాట కూడా వాడారు. అంటే ఆ రూల్ తప్పు అని వాదించలేదు. ఆ రూల్ లోపలే మాకూ కాస్త చోటివ్వండి అని అడిగారు.

ఇది వినడానికి మనకి ఇబ్బందిగానే ఉంటుంది. కానీ వాళ్ళకి ఆశ పుట్టడానికి ఒక కారణం ఉంది. అంతకు మూడు నెలల ముందే తకావో ఒజావా అనే జపాన్ ఆయన కేసులో ఇదే కోర్టు, తెల్లవాడంటే కకేసియన్ అని చెప్పి ఆయన్ని తోసిపుచ్చింది. అయితే మేం కకేసియన్లమే కదా అన్నాడు థింద్.

1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ జార్జ్ సదర్లాండ్. ఒజావా తీర్పు రాసింది కూడా ఆయనే! ఈసారి ఏమన్నాడంటే, శాస్త్రం లెక్క కాదు, మామూలు జనం ఎవర్ని తెల్లవాడు అనుకుంటారో అదే లెక్క అన్నాడు. మూడు నెలల్లో కొలబద్దే మారిపోయింది.

దెబ్బ థింద్ ఒక్కడితో ఆగలేదు. అప్పటికే పౌరులైపోయిన భారతీయుల మీద కూడా కేసులు పెట్టి పౌరసత్వం లాక్కున్నారు. వాళ్ళలో వైష్ణో దాస్ బగాయ్ ఒకరు. 1915లో భార్య కళా బగాయ్‌తో, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి, దుకాణం పెట్టుకుని, 1921లో పౌరుడయ్యాడు. పౌరసత్వం పోయాక, విదేశీయుల ఆస్తులపై కాలిఫోర్నియాలో ఉన్న చట్టం వల్ల ఆస్తి కూడా నిలవలేదు. ఇండియా వెళ్ళి చుట్టాలని చూసొస్తానంటే అమెరికా పాస్‌పోర్ట్ ఇవ్వలేదు. 1928లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. కళా బగాయ్ ఒంటరిగా పిల్లల్ని చదివించింది. ఇప్పుడు బర్క్లీలో ఒక వీధికి ఆమె పేరుంది.

మనవాళ్ళు కూడా ఈ కాలంలోనే ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో చదవడానికి బోస్టన్ చేరింది ఆ 1920ల మొదట్లోనే. బోదకాలు నివారణకి మన ఊళ్ళలో పంచే మాత్ర వెనక ఉన్నది ఆయన బృందమే. 1948లో చనిపోయేదాకా ఆయన అమెరికా పౌరుడు కాలేదు.

మరి థింద్ ఏమయ్యాడు? 1935లో, యుద్ధంలో పనిచేసిన ఆసియా సైనికులకి పౌరసత్వం ఇచ్చే చట్టం వచ్చింది. దాంతో 1936లో మూడోసారి పౌరుడయ్యాడు. ఈసారి నిలిచింది. మొదటి కాగితానికీ చివరి కాగితానికీ మధ్య పద్దెనిమిదేళ్ళు!

గమనించారా? ఆయన్ని గెలిపించింది జాతి వాదన కాదు, చట్టం మారడం. మిగతా భారతీయులకి 1946 చట్టంతో దారి దొరికింది. కొత్తగా వలస రావడానికి మాత్రం ఏడాదికి 100 మందికే. ఆ చట్టం వచ్చాకే దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడయ్యాడు, 1956లో అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. 1965 చట్టం జాతుల కోటాలని తీసేసింది. ఇప్పుడు మనవాళ్ళు ఐటీ ఉద్యోగాలతో వెళ్తున్నారంటే ఆ చట్టం వేసిన దారిలోనే.

అయినా లైన్ అయిపోలేదు. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి ఉంది. ఇంత పెద్ద ఇండియాకీ అంతే, చిన్న దేశానికీ అంతే.

అందుకే, మేం బాగా చదువుకున్నవాళ్ళం, ట్యాక్స్ కట్టేవాళ్ళం, మిగతా వలసవాళ్ళలాంటి వాళ్ళం కాదు అని మనవాళ్ళెవరైనా అన్నప్పుడు నాకు థింద్ కేసే గుర్తొస్తుంది. మేం వేరు అన్న వాదన ఆయన్ని కాపాడలేదు. మీకేమనిపిస్తుందో ఆలోచించండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.