ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ: చేరే ముందు తెలుసుకోవాల్సినవి

మేడ్చల్ రోడ్డు మీది కండ్లకోయలో సీఎంఆర్ ఫార్మసీ కాలేజీ ఉంది. అక్కడికి దగ్గర్లోనే, శామీర్‌పేట వైపు, టీకాలు తయారుచేసే జీనోమ్ వ్యాలీ. అందుకే ఈ ప్రాంతంలో బి.ఫార్మసీ పూర్తిచేసిన అమ్మాయిలు, అబ్బాయిల ఇళ్లలో ఎం.ఫార్మసీ మాట తరచూ వస్తుంది.

ఏం చదువుతారు?
మందు ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుంది, ఎంత మోతాదు దాటితే హాని అన్నది చెప్పేదే ఫార్మకాలజీ. కోర్సు రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు.

మందు ఎలా వస్తుంది?
ముందు ల్యాబ్‌లో, జంతువులపై పరీక్షలు. తర్వాత మనుషులపై మూడు దశలు: మొదట కొద్దిమందిపై, తర్వాత వందల మందిపై, చివరికి వేల మందిపై. జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ మూడో దశలో సుమారు 25,800 మంది పాల్గొన్నారు. అమ్మకాలు మొదలయ్యాక కూడా దుష్ప్రభావాలపై నిఘా ఉంటుంది. ఈ నిఘా పనిలోనూ ఉద్యోగాలున్నాయి.

సీటు, స్టైపెండ్
జీప్యాట్ లేదా పీజీఈసెట్ రాయాలి. జీప్యాట్‌లో అర్హత సాధించి, ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీలో చేరితే నెలకు రూ.12,400 చొప్పున గరిష్ఠంగా 24 నెలలు స్టైపెండ్ వస్తుంది. ఫీజు భారమయ్యే కుటుంబాలకు ఇది పెద్ద ఆసరా. బాలానగర్‌లోని నైపర్‌కు మాత్రం వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది.

జాగ్రత్త
కాలేజీ పేరొక్కటే చూసి ఫీజు కట్టొద్దు. ప్రతి కాలేజీలోనూ ఫార్మకాలజీ బ్రాంచి ఉండదు. ఆ బ్రాంచికి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందో లేదో, జంతు పరీక్షల ల్యాబ్‌కు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.