అలకకూ చోటున్న కొండ

తిరుమల స్థలపురాణం మొగుడూపెళ్లాల తగవుతో మొదలవుతుంది. భృగుమహర్షి వక్షాన తన్నితే విష్ణువు కోప్పడకపోగా ఆయన కాళ్లు ఒత్తాడు. అది లక్ష్మికి కిట్టలేదు. వైకుంఠం విడిచి కొల్హాపురం వెళ్లిపోయింది. ఆయన కొండలు పట్టి తిరుగుతూ శేషాచలం చేరాడు. ఆ తర్వాతిదంతా తెలిసిందే: పద్మావతితో పెళ్లి, అందుకు కుబేరుడి దగ్గర అప్పు, చివరికి కొండమీద ఆయన, కింద తిరుచానూరులో ఆవిడ. ఇంటిగొడవలు లేని దేవుణ్ని ఈ ప్రాంతం ఊహించుకోనే లేదు. ముక్తి కావాలంటే సంసారం విడవాలని ఒకవైపు, సంసారంలో ఉంటే అన్నీ ఓర్చుకోవాలని మరోవైపు మనకు పెద్దలు చెబుతూ వచ్చారు. తిరుపతి, చిత్తూరు సీమల భక్తి చరిత్రలో ఈ రెంటికీ భిన్నమైన మూడో దారి ఉందని నా వాదన. మనిషిని వదలకుండా, అన్యాయాన్ని దిగమింగకుండా, నిలదీస్తూనే ఎదగడం ఆ దారి. గుడి కూడా ఏడాదికోసారి ఆ నిలదీతకు రోజు కేటాయించింది. వైకుంఠ ఏకాదశి తర్వాత ఆరో నాడు జరిగే ప్రణయ కలహోత్సవంలో ఉత్సవమూర్తి మలయప్పస్వామికి ఉభయ నాంచారులైన శ్రీదేవి, భూదేవి మాడవీధిలో ఎదురొస్తారు. అమ్మవార్ల తరఫున స్వామి మీదికి పూలచెండ్లు విసురుతారు, ఆయన పల్లకీ వెనక్కి తగ్గుతుంది, నిందాస్తుతి చదువుతారు. శ్రీరంగంలోనూ ఇలాంటి వేడుక ఉంది కాబట్టి ఇది తిరుమల సొంత కల్పన కాదు. అయితే దాన్ని పాటల్లోకి, బతుకుల్లోకి దించినవాళ్లు మాత్రం ఇక్కడివాళ్లే.

తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) కథ మనకు ప్రధానంగా ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర వల్ల తెలుసు. మనవడి రాత కనుక భక్తి పాలు ఎక్కువే. అయినా ఇంటి విషయంలో అతను దాచింది తక్కువ. ఉమ్మడి కుటుంబంలో పని చేయడంలేదని అందరూ సాధిస్తే, గడ్డి కోయడానికి వెళ్లిన కుర్రవాడి వేలు తెగింది. ఎవరికెవరు అనుకుని తిరుమల దారి పట్టాడు. కథ అక్కడితో ఆగితే అది మామూలు వైరాగ్య గాథే. కానీ తల్లి లక్కమాంబ వెతుక్కుంటూ వచ్చింది, రానన్న శిష్యుణ్ని గురువు ఘనవిష్ణువే నచ్చజెప్పి ఇంటికి పంపాడు. తిరిగొచ్చాక ఆయనకు తిమ్మక్క, అక్కలమ్మ ఇద్దరు భార్యలు. తిమ్మక్క సుభద్రా కళ్యాణం రాసింది. అన్న బలరాముడు కుదిర్చిన సంబంధం కాదని చెల్లెలు తన ఇష్టం నెగ్గించుకున్న కథ అది. ఇక చంద్రగిరి ఏలిన సాళువ నరసింహరాయలతో అన్నమయ్య స్నేహం చూడండి. శృంగార సంకీర్తన విని మురిసిపోయిన రాజు, తన మీదా అలాంటిదొకటి చెప్పమన్నాడు. చెప్పనన్న మిత్రుణ్ని సంకెళ్లలో పెట్టించి, ఆ తర్వాత పశ్చాత్తాపపడి క్షమాపణ కోరాడు. అన్నమయ్య మన్నించాడు, రాజు అడిగిన పాట మాత్రం ఎప్పటికీ రాయలేదు. నా వాదనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

అన్నమయ్య శృంగార కీర్తనలు జీవాత్మ పరమాత్మల సంకేతాలు, వాటిలో సంసారాన్ని వెతకడం పొరపాటు అని పండితులు అడ్డుతగలవచ్చు. సంకేతమే అనుకుందాం. అయినా ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల్లో మిగిలిన వేల పాటల్లో ఆధ్యాత్మం కన్నా శృంగారమే ఎన్నో రెట్లు ఎక్కువ. వాటిలో అలమేలుమంగ, అంటే పద్మావతి, అలుగుతుంది, దెప్పుతుంది, సవతుల మాట ఎత్తుతుంది, చెలికత్తెను రాయబారం పంపుతుంది. తత్వం చెప్పడానికి వేరే భాష దొరక్క కాదు, ఆధ్యాత్మ సంకీర్తనల్లో ఆ భాష దండిగా ఉంది. దగ్గరివాళ్లతో పడే రాపిడిలోనే అహం కరిగేదీ, అభిమానం నిలిచేదీ తెలుస్తాయని నమ్మినవాడే ఇన్ని అలకలు కట్టగలడు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది: ఇదంతా ఆడవాళ్లను సర్దుకుపొమ్మనే పాత పాటే కదా? దానికి జవాబు తరిగొండ వెంగమాంబ (1730–1817). చిన్నతనంలోనే భర్త పోతే, తన భర్త వేంకటేశ్వరుడేనని పసుపుకుంకుమలు తీయనంది, తల గొరిగించుకోనంది. ఇంట్లోవాళ్లు నచ్చజెప్పారు, ఊరు వెలివేసినంత పని చేసింది, ఒక పీఠాధిపతి దాకా పంచాయితీ వెళ్లిందని చెబుతారు. ఆమె లొంగలేదు. మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర యోగం నేర్చి, చివరికి కొండెక్కింది. అక్కడా పొరుగింటి పోరు తప్పక కొంతకాలం తుంబురు తీర్థం దగ్గర తపస్సు చేసిందంటారు. పారిపోయిందనుకునేవాళ్లు ఆమె రాసినవి చూడాలి: విష్ణుపారిజాతంలో సత్యభామ అలక, వేంకటాచల మాహాత్మ్యంలో లక్ష్మి కోపం, శ్రీనివాసుడి పెళ్లి. బంధుత్వాన్ని కాదన్న మనిషి రాసే వస్తువులు కావివి. ఆమె కాదన్నది బంధాన్ని కాదు, ఆ బంధం పేరుతో తన మీద మోపిన అవమానాన్ని. శుభకార్యాల్లో విధవ ఎదురు రాకూడదన్న సమాజంలో, ఏకాంతసేవ వేళ స్వామికి ముత్యాల హారతి ఆమె పేరనే సాగుతోంది. తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి అనే నానుడి అలా పుట్టింది.

అలాగని ఆ కాలాన్ని మెచ్చుకోనక్కర్లేదు. వెంగమాంబకు కవిత్వం ఉంది, గురువు ఉన్నాడు, ఎక్కడానికి కొండ ఉంది. అవేవీ లేక, అదే సీమలో అదే కట్టుబాటు కింద తల వంచినవాళ్ల అలక వినడానికి ఏ ఉత్సవమూ లేదు. నిలదీసే హక్కు దేవేరులకు ఏడాదికో పూట ఇచ్చిన సమాజం, ఆ హక్కును సొంత ఇంటి ఆడపిల్లలకు ఎందుకివ్వలేదన్న ప్రశ్న వెంగమాంబ జీవితమే మన ముందు పెడుతుంది. భక్తి చరిత్ర రాసినవాళ్లు ఆమె మహిమలను తలకెత్తుకున్నంతగా ఈ ప్రశ్నను పట్టించుకోలేదు.