చేటెడు బియ్యం

మా ఊళ్ళో రెండు తరాల మనుషుల బొడ్డు కోసింది మా అమ్మమ్మ. మాదిగపల్లెలో పుట్టిన మమ్మల్నీ, మాలపల్లెలో పుట్టినోళ్ళనీ, ఊళ్ళో మేడల్లో పుట్టిన ఆసాముల బిడ్డల్నీ భూమ్మీద మొదట పట్టుకున్నవి ఆమె చేతులే. ఊరి చరిత్ర చెప్పేవాళ్ళు గుడి ఎవరు కట్టించారో చెబుతారు, చెరువు ఎవరు తవ్వించారో చెబుతారు. ఊరిని కన్న తల్లుల పక్కన తెల్లార్లూ కూర్చున్న మనిషి ఊసు ఎవరూ ఎత్తరు. అందుకే నేను రాస్తున్నాను.

గుంటూరు జిల్లాలో మాది మాగాణి ఊరు. పెద్దిళ్ళల్లో నొప్పులు మొదలైతే పాలేరు లాంతరు పట్టుకొని పల్లె మొదట్లో నిలబడి కేకేసేవాడు. అమ్మమ్మ కొంగున ఆకూ వక్కా ముడేసుకొని బయల్దేరేది. దొడ్డిగుమ్మం గుండానే లోపలికి. పురిటిగది అంటే గొడ్లచావిడి పక్కన గాలీ వెలుతురూ లేని గది. ఆ గదిలో మాత్రం అంటు లేదు. ఆసామి పెళ్ళాం మా అమ్మమ్మ మెడ కావలించుకొని "అమ్మా, ఇక నావల్ల కాదే" అని ఏడ్చేదంట. కాన్పు కాంగానే మావి పాతిపెట్టడం, గది అలకడం, బాలింతకి నడికట్టు కట్టడం, వేణ్ణీళ్ళు పొయ్యడం, పసిదాన్ని కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టి నూనె పట్టించి నీళ్ళు పొయ్యడం, సాంబ్రాణి పొగ వెయ్యడం, అన్నీ అమ్మమ్మవే. పాలు పడకపోతే వెల్లుల్లి కారం పెట్టమనేది. రొమ్ములు గడ్డకడితే వేడిగుడ్డతో కాపడం పెట్టి, మెల్లగా పిండి, మళ్ళీ బిడ్డ నోటికి అందించేది. "బిడ్డ లాగేకొద్దీ పాలు ఊరతయ్యమ్మా. లాక్కపోతే ఎండిపోతయ్యి" అనేది. ఈ మాటే ఇవాళ డాక్టర్లూ చెబుతున్నారు.

పదకొండో రోజు పురుటిస్నానం. అయ్యవారొచ్చి పుణ్యాహవచనం చేసి, ఇల్లంతా నీళ్ళు చల్లినాక మా అమ్మమ్మ ఆ గడప తొక్కకూడదు. అరుగు కింద నిలబడితే చేటెడు బియ్యం, ఒక పాతచీర, రెండు రూపాయలు. ఆడపిల్ల పుడితే చేటలో సగమే. ఆ చేట కూడా నేలమీద పెట్టేవాళ్ళు, చేతికిచ్చేవాళ్ళు కాదు. పదిరోజులు వాళ్ళ బిడ్డను ఎత్తుకున్న చేతులు పదకొండో రోజుకి మళ్ళీ అంటరానివైపొయ్యాయి.

ఈ పని మాకే ఎందుకొచ్చింది? పురుడు మైల. నెత్తురు మైల, మావి మైల, బొడ్డుపేగు మైల. చచ్చిన గొడ్డు మైల గనుక అది మాకు ఎట్టా వచ్చిందో, పుట్టే బిడ్డ మైల కూడా అట్టాగే వచ్చింది. కొన్ని ఊళ్ళల్లో మంగలోళ్ళు, కొన్ని ఊళ్ళల్లో చాకలోళ్ళు, చాలా ఊళ్ళల్లో మాల మాదిగలు ఈ పని చేశారు. ఎక్కడైనా కింది కులాల ఆడదే. వైద్యం అనే పేరు మాత్రం దానికి దక్కలేదు.

తెల్లోళ్ళొచ్చి 1844లో మద్రాసులో ప్రసూతి ఆసుపత్రి పెట్టారు. 1885లో లేడీ డఫరిన్ పేరున నిధి పెట్టి ఆడోళ్ళకి ఆడ డాక్టర్ల వైద్యం అందించాలన్నారు. 1903లో విక్టోరియా రాణి స్మారక నిధి పేరుతో మంత్రసానులకి శిక్షణ మొదలుపెట్టారు. 1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సులూ మంత్రసానులూ రిజిస్టరు కావాలని చట్టం చేశారు. 1927లో కేథరిన్ మేయో అనే అమెరికా ఆవిడ 'మదర్ ఇండియా' అనే పుస్తకంలో దాయీల మురికి గురించి రాస్తే దేశమంతా గగ్గోలెత్తింది. మంత్రసాని మురికిదని తెల్లోళ్ళూ అన్నారు, మనోళ్ళూ అన్నారు. మురికి అనుకున్న పనినంతా తెచ్చి ఒక కులం ఆడదాని చేతిలో ఎవరు పెట్టారని అడిగినోళ్ళు తక్కువ.

ఇక మా అమ్మ సంగతి. అది 1971, నాట్ల కాలం. మా తమ్ముడు పుట్టిన ఇరవై ఒకటో రోజున అమ్మ మడిలోకి దిగింది. నాకప్పుడు ఏడేళ్ళు. పొద్దుటి నుంచీ వాడికి గంజినీళ్ళు తాగించి, మధ్యాహ్నం చంకనేసుకొని పొలం గట్టుకి తీసుకపొయ్యేదాన్ని. తుమ్మచెట్టు నీడలో కూర్చునేదాన్ని. వాడు కేరుకేరుమని ఏడ్చేవాడు. ఆ ఏడుపు వినపడంగానే అమ్మకి పాలు చేపొచ్చేవి. జాకెట్టు తడిసిపొయ్యేది. కానీ ముఠా వరస మధ్యలో గట్టెక్కితే సగం కూలే. అన్నం పొద్దయ్యేదాకా వంగినదాన్ని వంగినట్టే నాటేది. రొమ్ములు రాళ్ళయ్యి, సలుపు తట్టుకోలేక కొన్నిసార్లు పాలు మడిలోనే పిండేసేది. మా తమ్ముడి పాలు ఆసామి మడిలో కలిశాయి.

ఆ నెలలోనే ఆ ఆసామి కోడలికి పురుడు పోసింది మా అమ్మమ్మ. ఆమె నలభై రోజులు మంచం దిగలేదు. గంటగంటకీ బిడ్డకి పాలిమ్మని ఆమెకి చెప్పొచ్చేది అమ్మమ్మ. సొంత కూతురికి మాత్రం ఆ మాట చెప్పలేదు. చెప్పి ఏం లాభం? రెండు నెలలకి అమ్మకి పాలు ఎండిపొయ్యాయి. నాలుగో నెలలో తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజుల్లో పొయ్యాడు. వాణ్ణి పాతిపెట్టిన మర్నాడు అమ్మ కలుపుకి పోయింది.

మా అమ్మమ్మని పొగడటానికే ఇది రాయడం లేదు. ఆమెకి తెలియనివీ ఉన్నాయి. ముర్రుపాలు చెడ్డవని మూడురోజులు పిండి పారబోయించేది. మాకైనా అంతే, మేడల్లోవాళ్ళకైనా అంతే. కొడవలితో బొడ్డు కోసిన రోజులూ ఉన్నాయి. ధనుర్వాతంతో పోయిన బిడ్డలూ ఉన్నారు. 1977 తర్వాత సర్కారు ఊరూరా మంత్రసానులకి శిక్షణ ఇచ్చింది. అమ్మమ్మా పోయింది. తిరిగొచ్చేటప్పుడు ఒక అల్యూమినియం పెట్టె తెచ్చింది. ఆ పెట్టెలో సబ్బు, బ్లేడు, దారం. ముర్రుపాలే బిడ్డకి మొదటి మందని అక్కడ చెప్పారంట. ఆ రాత్రి మా గుడిసెలో కూర్చొని "ఎంతమందికి పారబోయించానే తల్లీ" అని ఏడ్చింది. చదువు మాకు అందనివ్వకుండా చేసినోళ్ళు ఎవరూ ఏడ్చినట్టు నేను వినలేదు.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్ లేచి దాన్ని బలపరిచాడు. కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలనీ, ఆ భారం చాలామటుకు ప్రభుత్వమే మొయ్యాలనీ వాదించాడు. 1929లో అది చట్టమైంది. ఆ చట్టం ఫ్యాక్టరీ ఆడోళ్ళకి. 1961లో దేశం మొత్తానికీ ప్రసూతి చట్టం వచ్చింది. 2017లో సెలవు 26 వారాలు చేశారు. మంచిదే. కానీ ఆ చట్టం మడిలో వంగిన మనిషి దాకా రాలేదు. ఆమెకి అదే 2017 నుంచి మాతృవందన పథకం కింద మొదటి కాన్పుకి 5,000 రూపాయలు. 26 వారాలంటే 182 రోజులు. భాగించి చూస్తే రోజుకి 27 రూపాయల చిల్లర. ఆరునెల్లు తల్లిపాలే పట్టాలని అంగన్‌వాడీ గోడమీద రాశారు. ఆ ఆరునెల్లు తల్లి ఏం తిని ఇంట్లో ఉండాలో రాయలేదు.

అమ్మమ్మ లేదు, అమ్మా లేదు. ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రిలోనే. మా చెల్లెలి కూతురు ఆశా కార్యకర్త. 2005లో ఆశాలను పెట్టినప్పుడు జీతం అనలేదు, పనికింత అన్నారు. నాకు చేటెడు బియ్యమే గుర్తొచ్చింది. కొట్లాడి కొట్లాడి 2019లో మన రాష్ట్రంలో గౌరవవేతనం 10,000 చేయించుకున్నారు. వాళ్ళకీ 180 రోజుల ప్రసూతి సెలవు ఇస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. ఊళ్ళో బాలింతల్ని చూసే మనిషి కూడా బాలింత అవుతుందని తెలుసుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

మొన్న ఆ పిల్ల పెద్దింట్లో బాలింతని చూడటానికి పోయింది. నాలుగు రోజుల బిడ్డ రొమ్ము పట్టడం లేదని ఫోను చేశారంట. ముందుగుమ్మంలోంచే రమ్మన్నారు. పక్కన కూర్చొని, బిడ్డని ఎట్టా పట్టుకోవాలో, నోరు ఎంత తెరిపించాలో ఓపిగ్గా చూపించింది. గంటకి బిడ్డ పాలు తాగి నిద్రపోయింది. ఇంటావిడ సంతోషపడి టీ ఇచ్చింది.

"ఏ గ్లాసులో ఇచ్చారే?" అని అడిగాను.

"కాయితం గ్లాసులో పెద్దమ్మా. వాళ్ళందరూ స్టీలు గ్లాసుల్లో తాగుతున్నారు" అంది.