గోనె పడినా బిడారు ఆగలేదు: ప్యాకెట్ రేడియో, హ్యాంగ్ అయిన కంప్యూటర్ల చరిత్ర



నారాయణఖేడ్ హాస్టల్ పిల్లలం మేము ఈసారి కొంచెం వేరే చరిత్ర రాస్తున్నం. రాజులది కాదు, హ్యాంగ్ అయిన కంప్యూటర్లది. పొడుగు పోస్టే, కానీ చివరిదాక చదవుండ్రి.

ముందు మన సంగతి. రైళ్లు రాకముందు లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం గోనెలు వేసుకొని దేశమంతా మోసిండ్రు. సరుకంతా ఒక్క బండిలో పెట్టలేదు, వందల ఎద్దుల మీద పంచిండ్రు. ఒక ఎద్దు కుంటుపడితే దాని గోనె ఒక్కటే ఆగుతది, బిడారు ఆగదు. ఇది గుర్తుంటే ప్యాకెట్ రేడియో సగం అర్థమైనట్టే.

ప్యాకెట్ రేడియో అంటే కంప్యూటర్‌లో రాసిన సందేశాన్ని చిన్న చిన్న మూటలు కట్టి, వైరు లేకుండ రేడియో మీద పంపుడు. 1971లో హవాయి విశ్వవిద్యాలయం వాళ్లు అలోహానెట్ పేరుతో దీవుల మధ్య ఈ పని మొదలుపెట్టిండ్రు. 1978లో కెనడాలోని మాంట్రియల్‌లో అమెచ్యూర్ రేడియో వాళ్లు, అంటే హ్యామ్‌లు, దీన్ని పట్టుకున్నరు. తర్వాత అమెరికాలోని టూసాన్ ఊరి హ్యామ్‌లు టీఎన్‌సీ అనే చిన్న పెట్టె తయారుచేసిండ్రు. అది కంప్యూటర్‌కు, రేడియోకు మధ్య దుబాసీ. 1984లో ఏఎక్స్.25 అనే నియమావళి అచ్చయింది. ఒక్కో మూటలో ఎక్కువలో ఎక్కువ 256 అక్షరాలు, వేగం మామూలుగా సెకనుకు 1200 బిట్లు. ఇవాళ మన ఫోన్‌లో ఒక ఫొటో ఆ వేగంతో రావాలంటే గంటలు పడుతది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ రోజుల్లో సందేశాలు దాచిపెట్టే కంప్యూటర్ రాత్రింబవళ్లు నడవాలె. చాలామంది దగ్గర ఉన్నది డాస్ పీసీ, ప్రోగ్రాములకు 640 కేబీ జాగా. డాస్‌లో ఒక ప్రోగ్రాముకు, ఇంకొకదానికి నడుమ గోడ లేదు. ఒకటి తప్పిపోయి పక్కదాని జాగాలో రాస్తే మొత్తం మిషనే బిగుసుకుపోతది. ఫిల్ కార్న్ రాసిన కేఏ9క్యూ లాంటి పెద్ద ప్రోగ్రాములు ఒకే పీసీలో చాలా పనులు చేసేవి. రోజులకొద్దీ నడిస్తే మెమరీ ముక్కలు ముక్కలై, పెద్ద జాగా అడిగినప్పుడు దొరకక పడిపోయేవి. స్టేషన్ గుట్ట మీద ఉంటే రీసెట్ బటన్ నొక్కనీకి ఎవరు పోవాలె?

దానికి వాళ్లు మూడు ఉపాయాలు పట్టిండ్రు. మొదటిది వాచ్‌డాగ్, అంటే కావలి కుక్క. ప్రోగ్రాము "నేను బతికే ఉన్న" అని ఆ సర్క్యూట్‌కు ఊరికూరికే చెప్తుండాలె. చెప్పుడు ఆగితే అదే రీసెట్ కొడుతది. రెండోది, మిషన్ లేవంగనే ప్రోగ్రాము తనంతట తనే మొదలయ్యేటట్టు స్టార్టప్ ఫైల్‌లో రాసిపెట్టుడు. మూడోది నియమావళిలోనే ఉంది. మూట ముట్టిందని అవతలి నుంచి జవాబు రాకపోతే ఇవతలి స్టేషన్ మళ్లీ పంపుతది. అన్నిసార్లూ జవాబు రాకపోతే లైను తెగిందని చెప్తది. ముట్టకుండనే ముట్టినట్టు మాత్రం అనుకోదు.

ఇక ఆకాశంలో ఉన్న కంప్యూటర్ కథ వినుండ్రి. 1990 జనవరిలో ఏఓ-16 అనే హ్యామ్ ఉపగ్రహం పైకి పోయింది. అది తిరిగే ప్యాకెట్ పోస్టాఫీసు. అంతరిక్ష కిరణాలు తగిలితే మెమరీలో 0 కాస్త 1 అయితది, కంప్యూటర్ పడిపోతది. నేల మీది హ్యామ్‌లు రేడియో ద్వారానే ప్రోగ్రాము మళ్లీ ఎక్కించేటోళ్లు. ఏండ్లు గడిచినంక ఆ ప్రోగ్రాము ఇక లేవలేదు. అయినా వదల్లేదు. 2008లో దాన్ని మనుషుల మాటలు అందించే రిపీటర్‌గా మార్చి మళ్లీ వాడిండ్రు. కంప్యూటర్ పని మానేసింది, గొంతు మిగిలింది.

ఆ గొంతు విలువ మనోళ్లకూ తెలుసు. హైదరాబాద్‌లో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మొదలైంది. ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్ జట్టు 2004 డిసెంబర్‌లో అండమాన్‌లో రేడియో స్టేషన్ పెట్టింది. డిసెంబర్ 26న సునామీ వచ్చింది, ఫోన్లు పోయినయ్. ఆ జట్టు పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబురు అందించింది. మరుసటేడు, 2005 మే 5న, శ్రీహరికోట నుంచి ఇస్రో హ్యామ్‌శాట్‌ను పంపింది. దాంట్లోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి నెదర్లాండ్స్ ఇంజనీరింగ్ విద్యార్థి తయారుచేసింది. విద్యార్థి అన్న మాట గుర్తుపెట్టుకోండ్రి.

ఇదంతా మనకెందుకు అంటరా? గాలివాన వస్తే మన తండాలల్లో ముందు కరెంటు పోతది, ఎనుక సిగ్నల్ పోతది. మన ఇండ్లల్ల కాలేజీ మెట్టు ఎక్కిన మొదటి తరం మనం. కంప్యూటర్ హ్యాంగ్ అయితే "మనకు రాదులే" అని లేచిపోయే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ చరిత్ర చెప్పేది వేరే. మిషన్లు అందరికీ పడిపోయినయ్. పడిపోతదని ముందే ఒప్పుకొని, మళ్లీ లేచే దారి పెట్టినోళ్లే పని నడిపించిండ్రు. వాళ్లలో చాలామంది జీతానికి చేసినోళ్లు కాదు, ఇష్టంతో నేర్చుకున్నోళ్లు.

హ్యామ్ కావాలంటే కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలె. అందులో అడిగేది కొంచెం ఎలక్ట్రానిక్స్, కొన్ని నియమాలు. ఇంటర్‌ల ఫిజిక్స్ చదివినోళ్లకు అది గుట్టేం కాదు. ఒక్కో తండాకు ఒక్కరు నేర్చుకున్నా చాలు. మోసుకపోయే పని మన తాతలకు కొత్త కాదు. అప్పుడు ఉప్పు, ఇప్పుడు కబురు.