సీమ సైకిలు, స్వదేశీ సైకిలు

స్వాతంత్ర్యానికి పూర్వం మన దేశంలో అమ్ముడుపోయిన సైకిళ్లలో అధికభాగం సీమ నుండి ఓడలలో వచ్చినవే. నాటింగ్‌హాం ర్యాలీ, బర్మింగ్‌హాం హెర్క్యులిస్ మనవారికి సుపరిచితమైన పేర్లు. 1949లో మద్రాసు సమీపాన అంబత్తూరులో మురుగప్ప కుటుంబంవారు ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థతో కలసి సైకిళ్ల కర్మాగారం స్థాపించారు. అక్కడ తయారైన సైకిలుకూ హెర్క్యులిస్ అనే పేరే ఉంచారు. మరి దానిని కొన్నవాడు కొన్నది స్వదేశీ సరుకా, సీమ సరుకా? ముందున్న బిళ్ల చూచి జవాబు చెప్పడం సరియైన పరీక్ష కాదని నా అభిప్రాయం. దాని గొట్టం ఎక్కడిదని అడగాలి.

కడ్డీని వంచినప్పుడు ఒక పక్క సాగుతుంది, రెండవ పక్క నొక్కుకొంటుంది. నడుమనున్న లోహానికి దాదాపు పనే ఉండదు. ఆ సోమరి లోహాన్ని తీసి అంచులకు చేర్చితే గొట్టమవుతుంది. బరువు అంతే, వంగకుండా నిలిచే శక్తి మాత్రం ఎంతో ఎక్కువ. (వెదురుబొంగుకు ఈ రహస్యం ఏనాడో తెలుసు!) అయితే ఆ పలుచని గోడ అంతటా ఒకే మందాన ఉండాలి. లేకుంటే బలహీనమైనచోట చట్రం నలుగుతుంది. అందుచేత చట్రం అతకడం కంటె గొట్టం చేయడమే కష్టమైన విద్య.

ఆ విద్యకు 1955లో ఆవడిలో కర్మాగారం వెలసింది. 1960లో అదే కుటుంబంవారు చెయిన్ల తయారీకీ పూనుకొన్నారు. ఉత్తరాదిన లూధియానాలో దారి వేరు. అక్కడ ముంజాల్ సోదరులు విడిభాగాల వ్యాపారంతో ప్రారంభించి, 1956లో హీరో సైకిలు తయారుచేశారు. ఆ సంవత్సరం చేసినవి 639. సైకిళ్ల ఉత్పత్తిలో ప్రపంచంలోకెల్లా పెద్ద సంస్థగా 1986లో గిన్నిస్ గ్రంథం పేర్కొన్నది ఆ సంస్థనే.